ఈ ఫాల్‌లో వెర్మాంట్ కాదు, చెల్సీకి పోదాం

ఫాల్ మొదలైందంటే న్యూజెర్సీ తెలుగు వాట్సాప్ గ్రూపులన్నిటిదీ ఒకటే గోల. ఆకుల రంగులు ఏ వారం పీక్‌లో ఉంటాయి, వెర్మాంట్‌లో రూములు దొరికాయా, ఆపిల్ పికింగ్‌కి ఏ ఫార్మ్ బాగుంటుంది, మధ్యలో బతుకమ్మ, దసరా, దీపావళి ఫ్లయర్లు, గుమ్మడికాయల కుప్ప మీద కూర్చోబెట్టిన పిల్లల ఫొటోలు. నాకు వీటితో పేచీ ఏమీ లేదు, నేనూ గుమ్మడికాయల మీద పిల్లల్ని కూర్చోబెట్టినదాన్నే. కానీ ఆకుల కోసం ఐదారు గంటలు కారు తోలేవాళ్లు నది దాటి అవతల మాన్‌హటన్‌లో అదే నెలల్లో జరిగే ఆర్ట్ సందడిని ఒక్కసారి కూడా చూడకుండా పదేళ్లు ఇక్కడ బతికేస్తుంటే మాత్రం ప్రాణం ఉసూరుమంటుంది.

బొమ్మలకి, అంటే పెయింటింగులకి, శిల్పాలకి, న్యూయార్క్‌లో అసలు సీజన్ ఫాలే. ఎండాకాలం డబ్బున్నవాళ్లంతా హాంప్టన్స్‌కి పోతారు, కొనేవాళ్లు లేనప్పుడు షాపు తెరిచి ఏం లాభం అని ఆగస్టులో చాలా గ్యాలరీలు తలుపులు మూసేస్తాయి, లేదంటే స్టాకులో ఉన్న నాలుగు బొమ్మలు గోడకి తగిలించి కాలక్షేపం చేస్తాయి. లేబర్ డే దాటిన వారం చూడాలి. అందరూ ఒక్కసారే తెరుస్తారు, ఆ ఏడాది తమ దగ్గరున్న పెద్ద ఆర్టిస్టుని ఆ వారమే దించుతారు, జావిట్స్ సెంటర్‌లో ఆర్మరీ షో అని పెద్ద ఆర్ట్ ఫెయిర్ కూడా సెప్టెంబరులోనే. దీనికి టికెట్ ఉంటుంది, బాగానే ఉంటుంది, కానీ నా మాట వింటే మొదటిసారి వెళ్లేవాళ్లు అటు పోకండి. వందల స్టాళ్లు, గంట తిరిగేసరికి బుర్ర తిరిగిపోతుంది. ఆ డబ్బు మిగుల్చుకుని చెల్సీకి వెళ్లండి.

చెల్సీ అంటే ఇక్కడ మాన్‌హటన్ పడమటి వైపున్న గ్యాలరీల పేట, 10వ, 11వ ఎవెన్యూల మధ్య, సుమారుగా 18వ వీధి నుంచి 27వ వీధి దాకా. న్యూజెర్సీ నుంచి పాథ్ ట్రెయిన్ ఎక్కి 23వ వీధిలో దిగి పడమటికి నడిస్తే ఇరవై నిమిషాలు. ఒకప్పుడు అవన్నీ గరాజులు, గోడౌన్లు. 1990ల్లో సోహోలో అద్దెలు పెరిగి గ్యాలరీలు ఇటు వచ్చిపడ్డాయి. అందుకే లోపలికి వెళ్తే లారీ పట్టేంత తలుపులు, సిమెంటు ఫ్లోరు, ఇరవై అడుగుల గోడలు. 19వ వీధిలో డేవిడ్ జ్వర్నర్, 22లో హౌజర్ అండ్ వర్త్, 24లో గగోసియన్, 25లో పేస్, ఇవన్నీ ప్రపంచంలోకెల్లా పెద్ద గ్యాలరీలు. వీటిలో ఏ ఒక్కదానికీ టికెట్ లేదు. ముందుగా బుక్ చేసుకునే పని లేదు, బ్యాగ్ చెకింగ్ లేదు, మీ పేరెవరూ అడగరు. మ్యూజియంలో ముప్పై డాలర్లు పెట్టి చూసే స్థాయి బొమ్మలు ఇక్కడ ఊరికే చూడొచ్చు. ఈ మాట చెబితే మనవాళ్లు నమ్మరు, ఏదో మతలబు ఉందనుకుంటారు. మతలబు లేదు, అది వాళ్లకి దుకాణం, మనం విండో షాపింగ్‌కి వచ్చినవాళ్లం, అంతే.

లోపలికి వెళ్లడానికే చాలామందికి టెన్షన్. మసకగా కనిపించే గ్లాసు తలుపు, బోర్డు ఎక్కడో గోరంత, లోపల నల్ల బట్టలేసుకున్న అమ్మాయి కౌంటరు వెనక తల మాత్రమే కనపడేలా కూర్చుని మనల్ని చూసీ చూడనట్టు ఉంటుంది. తోసుకుని వెళ్లిపోండి. ఆమె పలకరించదు, అది పొగరూ కాదు, మీరు కొనేవాళ్లలా కనపడలేదనీ కాదు, అక్కడి పద్ధతే అంత. కౌంటరు మీద ఒక కాగితం ఉంటుంది, చెక్‌లిస్ట్ అంటారు, అది తీసుకోండి. గోడ మీద బొమ్మ పక్కన చాలాచోట్ల పేరు కూడా ఉండదు, ఏది ఏమిటో, ఏ ఏడాదిదో, దేనితో చేశారో అంతా ఆ కాగితంలోనే. ధర తెలుసుకోవాలనిపిస్తే మర్యాదగా ప్రైస్ లిస్ట్ అడగండి, కొన్నిచోట్ల చూపిస్తారు, కొన్నిచోట్ల నవ్వి ఊరుకుంటారు. ఆది, సోమవారాలు ఎక్కువ గ్యాలరీలకి సెలవు, కాబట్టి మనకి శనివారమే కుదురుతుంది. కొత్త ఎగ్జిబిషన్ల ఓపెనింగులు మాత్రం గురువారం సాయంత్రం, ఆరు నుంచి ఎనిమిది దాకా. సెప్టెంబరులో ఒక గురువారం ఆఫీసు నుంచి నేరుగా వెళ్లి చూడండి, బొమ్మల కంటే జనమే బొమ్మల్లా ఉంటారు, వీధి పొడుగునా గ్లాసులు పట్టుకుని తిరునాళ్లే.

ఆకులు చూడకపోతే నిద్ర పట్టదు అనేవాళ్లకి చెల్సీలోనే ఒక సంగతి ఉంది. 22వ వీధిలో 10, 11 ఎవెన్యూల మధ్య నడుస్తుంటే ఫుట్‌పాత్ మీద ప్రతి చెట్టు పక్కనా నడుము ఎత్తు నల్లరాయి ఒకటి నిలబెట్టి ఉంటుంది. సైకిళ్లు దానికి ఆనించి ఉంటాయి, కుక్కలు తమ పని తాము కానిచ్చుకుంటాయి, డెలివరీ కుర్రాళ్లు దాని మీద కాలు పెట్టుకుని ఫోన్ చూసుకుంటుంటారు. అది ఆర్ట్. జర్మన్ కళాకారుడు జోసెఫ్ బాయిస్ 1982లో కాసెల్ అనే ఊళ్లో ఏడు వేల ఓక్ చెట్లు నాటే పని మొదలుపెట్టాడు, ఒక్కో చెట్టు పక్కన ఒక్కో బసాల్ట్ రాయి. ఆయన పోయాక డియా ఆర్ట్ ఫౌండేషన్ వాళ్లు 1988లో ఇక్కడ ఐదు చెట్లు, 1996లో మరో పద్దెనిమిది నాటించారు. ఒక్క ఓక్ మాత్రమే కాదు, గింకో ఉంది, లిండెన్ ఉంది, ఎల్మ్ ఉంది. రాయి ఎప్పటికీ అంతే ఉంటుంది, చెట్టు పెరుగుతూ పోతుంది, నాటిన రోజు రాయిదే పైచేయి, ఇప్పుడు చెట్టుదే. గింకో ఆకులు పసుపుపచ్చగా మారి ఆ నల్లరాళ్ల చుట్టూ పడి ఉన్నప్పుడు వెళ్లండి, వెర్మాంట్ పెట్రోలు ఖర్చు మిగులుతుంది.

చెల్సీలో ఎగువ నుంచి దిగువకి నడుచుకుంటూ వస్తే చివర గాన్స్‌వోర్ట్ వీధిలో విట్నీ మ్యూజియం తగులుతుంది. శుక్రవారం సాయంత్రం 5 నుంచి 10 దాకా అందరికీ ఉచితం, న్యూయార్క్ అడ్రస్ ఉండాలనే షరతు కూడా లేదు, 25 ఏళ్లు దాటని వాళ్లకైతే ఎప్పుడైనా ఉచితమే. ఎంఎస్ చేసే పిల్లలు ఇది చదువుతుంటే దయచేసి గుర్తుపెట్టుకోండి. ఆన్‌లైన్‌లో ముందే స్లాట్ తీసుకుంటే క్యూ తప్పుతుంది.

ఇప్పుడు అసలు విషయం. ఫాల్‌లో న్యూయార్క్‌లో చూడాల్సినది ఒక్కటే చెప్పమంటే నేను మ్యూజియం పేరు చెప్పను, గ్యాలరీ పేరూ చెప్పను. నవంబరు వేలంపాటల ముందు జరిగే ప్రివ్యూలు చెబుతాను.

క్రిస్టీస్, సదబీస్ లాంటి వేలం కంపెనీలు ఏటా మే నెలలో, నవంబరులో పెద్ద పాటలు పెడతాయి. పాటకి ముందు వారం పది రోజులు అమ్మబోయే సరుకంతా గోడలకి తగిలించి జనాన్ని రానిస్తాయి. ఎవరైనా వెళ్లొచ్చు, ఊరికే. క్రిస్టీస్ రాక్‌ఫెల్లర్ సెంటర్‌లోనే ఉంది, క్రిస్మస్ చెట్టు చూడటానికి మీరంతా వెళ్లే చోటికి రెండడుగుల దూరం. సదబీస్ 2025 నవంబరులో మాడిసన్ ఎవెన్యూ మీద బ్రాయర్ బిల్డింగ్‌కి మారింది, 1966లో విట్నీ మ్యూజియం కోసం కట్టిన భవనం అది, తలకిందులు చేసిన మెట్లలా పైకి పోయేకొద్దీ ముందుకి పొడుచుకొస్తుంది, ఆ కట్టడం కోసమైనా వెళ్లొచ్చు.

ప్రివ్యూలో ఉండే మజా వేరు. ప్రతి బొమ్మ పక్కనా లాట్ నంబరు, దాని కింద ఎస్టిమేట్ రాసి ఉంటుంది, ఇంత నుంచి ఇంత దాకా పలకొచ్చు అని. మ్యూజియంలో అయితే పికాసో కదా అని గౌరవంగా చూస్తాం. ఇక్కడ మనిషి కళ్లు ముందు బొమ్మ మీద కాదు, అంకె మీద పడతాయి, పక్కపక్కనే రెండు పికాసోలు ఉంటే ఒకటి రెండోదానికి పదింతలు ఎందుకు పలుకుతుందో ఎవరూ చెప్పకుండానే వెతకడం మొదలుపెడతాం. ఏ ఏడాది గీసింది, రంగులెలా ఉన్నాయి, ఇంతకు ముందు ఎవరింట్లో ఉంది, ఏ ఎగ్జిబిషన్లకి వెళ్లొచ్చింది. ఒక గంట ఇలా తిరిగితే ఆర్ట్ హిస్టరీ క్లాసులో ఒక సెమిస్టరు కూర్చున్నంత కన్ను పదునెక్కుతుంది. ఒక చిన్న కిటుకు కూడా చెబుతాను. ఎస్టిమేట్‌లో కంపెనీ కమిషన్ కలిపి ఉండదు, పాటయ్యాక పేపర్లో వచ్చే ధరలో కలిపి ఉంటుంది, అందుకే ఆ రెండిటినీ పోల్చి అబ్బో అనుకోకండి.

ఇంకో కారణం కూడా ఉంది. ఈ బొమ్మల్లో చాలావాటిని మళ్లీ చూడలేం. ఎవరి ఇంట్లోనో యాభై ఏళ్లు ఉండి బయటకొస్తాయి, వారం కనపడతాయి, ఇంకొకరి ఇంటికి పోతాయి. 2017 నవంబరులో క్రిస్టీస్‌లో లియొనార్డో డా విన్చీది అని చెబుతున్న సల్వాటోర్ ముండి అనే బొమ్మ 45 కోట్ల డాలర్లకి అమ్ముడుపోయింది. పాటకి ముందు వేల మంది వరసలో నిలబడి చూశారు, అప్పట్నుంచి ఇప్పటిదాకా అది జనం కంటపడలేదు. 2025 నవంబరులో సదబీస్ వాళ్లు కొత్త బిల్డింగ్‌లో క్లిమ్ట్ గీసిన ఎలిజబెత్ లెడరర్ బొమ్మ పెట్టారు. 23 కోట్ల 64 లక్షల డాలర్లు పలికింది. ఆరడుగుల ఎత్తు బొమ్మ, తెల్లటి పట్టు గౌనులో సన్నగా నిలబడ్డ అమ్మాయి, వెనకాల చైనా బొమ్మల్లాంటి చిన్న చిన్న మనుషులు. ఆ వారంలో మాడిసన్ ఎవెన్యూ మీద నడుచుకుంటూ పోతున్న ఎవరైనా సరే తలుపు తోసుకుని వెళ్లి దాని ముందు నిలబడి ఉండొచ్చు, జేబులో పైసా లేకపోయినా.

మన ఇండియన్ బొమ్మల వేలంపాటలు క్రిస్టీస్ న్యూయార్క్‌లో మార్చిలో, సెప్టెంబరులో ఉంటాయి. ఎం.ఎఫ్. హుస్సేన్ గీసిన గ్రామ్ యాత్ర 2025 మార్చిలో అక్కడే కోటీ 38 లక్షల డాలర్లకి పోయింది. సెప్టెంబరు ప్రివ్యూకి జనం తక్కువ, ప్రశాంతంగా చూడొచ్చు, రజా, సూజా, తయ్యబ్ మెహతా లాంటివాళ్లవి ఒకే గదిలో దొరుకుతాయి. మిగతా నెలల్లో ఇండియన్ ఆర్ట్ కావాలంటే ఐకాన్ గ్యాలరీ, తల్వార్ గ్యాలరీ ఉన్నాయి, చిన్నవే, కానీ మంచివి.

మెట్, అదే మెట్రోపాలిటన్ మ్యూజియం, గురించి చెప్పకపోతే కొడతారు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని మనం ఎలాగూ అక్కడికే తీసుకెళ్తాం. న్యూయార్క్ రాష్ట్రంలో ఉండేవాళ్లు తోచినంత ఇచ్చి వెళ్లొచ్చు, న్యూయార్క్, న్యూజెర్సీ, కనెక్టికట్‌లలో చదువుకునే స్టూడెంట్లకీ ఆ వెసులుబాటు ఉంది. మిగతా న్యూజెర్సీ జనం మాత్రం 30 డాలర్లూ కట్టాల్సిందే, 65 దాటిన పెద్దవాళ్లకి 22. శుక్ర, శనివారాల్లో రాత్రి 9 దాకా తెరిచే ఉంటుంది, సాయంత్రం ఐదు దాటాక వెళ్తే టూరిస్టులు పలచబడతారు. బుధవారం సెలవు. అంతా చూసేద్దాం అని మాత్రం వెళ్లకండి, పెద్దవాళ్లని మోకాళ్ల నొప్పులతో ఈజిప్టు గదుల దగ్గరే కూలబడేలా చేయకండి. రెండు గదులు చాలు.

ఆ రెండింట్లో ఒకటి సౌత్ ఏషియా గది అయితే బాగుంటుంది. 2023లో జులై నుంచి నవంబరు దాకా మెట్‌లో తొలినాటి బౌద్ధ శిల్పాల మీద పెద్ద ఎగ్జిబిషన్ పెట్టారు. అమరావతి, నాగార్జునకొండ, సూర్యాపేట జిల్లా ఫణిగిరి, అన్నీ మన వైపు రాళ్లే. మా నాన్నకి ఈ గది చూపించాను, ఆయన ఉద్యోగమంతా ఇరిగేషన్‌లో, అందులో చాలా ఏళ్లు నాగార్జునసాగర్ కాలువల మీదే. ఆ ఎగ్జిబిషన్ ఎప్పుడో అయిపోయింది కానీ మెట్ సొంత సరుకులో నాగార్జునకొండ సున్నపురాతి ఫలకం ఒకటి ఉంది, మూడో శతాబ్దానిది, సిద్ధార్థుడు ఇల్లు విడిచి పోవడం, మారుడు ఆయన్ని శోధించడం, రెండూ ఒకే రాతి మీద చెక్కారు. దాని నంబరు 28.105. ఆ మొదటి అంకె అది మ్యూజియంకి వచ్చిన ఏడాది, అంటే 1928. మెట్‌లో లేబుళ్లు ఇలా చదవడం తెలిస్తే ఏ వస్తువు ఎప్పుడు మ్యూజియం చేతికొచ్చిందో ఇట్టే చెప్పేయొచ్చు. నాన్న ఆ ఏడాది చూసి వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు. సాగర్ డ్యామ్‌కి శంకుస్థాపన 1955లో. నీళ్లొచ్చి లోయ మునిగిపోతుందని తవ్వి తీసినవి కొండ మీద మ్యూజియంలో పెట్టారు, ఇదేమో అంతకు ముందే ఇటు వచ్చేసింది. "అక్కడ లాంచీ ఎక్కాలి, ఇక్కడ సబ్‌వే ఎక్కాం, అంతేనమ్మా తేడా" అన్నాడు. నాకైతే అంతే తేడా అనిపించలేదు గానీ వాదించలేదు.

ఇంకొకాయన గురించి చెప్పాలి, ఎందుకంటే న్యూయార్క్ తెలుగువాళ్లలో ఆయన పేరు తెలిసినవాళ్లు నాకు చాలా తక్కువ మంది తగిలారు. కృష్ణారెడ్డి, ప్రింట్ కళాకారుడు, అంటే లోహపు ప్లేటు చెక్కి, సిరా పూసి కాగితం మీద బొమ్మ అద్దే ఆయన. 1925లో చిత్తూరు జిల్లా పల్లెటూళ్లో పుట్టి, శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదువుకుని, లండన్ మీదుగా పారిస్ చేరి, అక్కడ హేటర్ అనే బ్రిటిష్ కళాకారుడు నడిపే అటెలియే 17 అనే ప్రింట్ వర్క్‌షాపులో ఏళ్ల తరబడి పనిచేసి, 1970ల్లో న్యూయార్క్ వచ్చి న్యూయార్క్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పి, సోహోలో ఉండి, 2018లో ఇక్కడే పోయారు. ప్రపంచంలో ప్రింట్‌మేకింగ్ నేర్పే చోట ఆయన పేరు రాకుండా ఉండదు. మామూలుగా రంగుల ప్రింట్ తీయాలంటే ఒక్కో రంగుకి ఒక్కో ప్లేటు కావాలి. ఈయనా, పారిస్‌లో తోటివాళ్లూ కలిసి ఒకే ప్లేటు మీద అన్ని రంగులూ ఒకేసారి అద్దే పద్ధతి తేల్చారు. ప్లేటుని ఎత్తుపల్లాలుగా చెక్కుతారు, సిరాల్లో అవిసె నూనె పాళ్లు మార్చి ఒకటి పలచగా ఒకటి చిక్కగా కలుపుతారు. గట్టి రోలరు మిట్టల మీద మాత్రమే పలచటి రంగు పూస్తుంది, మెత్తటి రోలరు పల్లాల్లోకి దిగి చిక్కటి రంగు పూస్తుంది, నూనె ఎక్కువున్న రంగు పడిన చోట చిక్కటి రంగు అంటుకోదు. ఆయన శిల్పి కూడా కాబట్టి ఆ ప్లేటే ఒక శిల్పంలా ఉంటుంది. వర్ల్‌పూల్ అని 1963 ప్రింట్ ఒకటుంది, నీలాల్లోంచి నీలాలు తిరుగుతూ సుడిలోకి లాగుతుంటాయి, దగ్గరికెళ్లి చూస్తే ఒక్కో గీత పక్కనా మూడు రకాల రంగు పొర.

2016 ఫాల్‌లో మెట్ వాళ్లు హేటర్, కృష్ణారెడ్డి, జరీనా హష్మీ ముగ్గురి ప్రింట్లతో చిన్న ఎగ్జిబిషన్ పెట్టారు. కాగితం మీద పనులు వెలుతురు తగిలితే పాడవుతాయి కాబట్టి ఎప్పుడూ గోడ మీద ఉంచరు, లోపల డబ్బాల్లో ఉంటాయి. కానీ పెద్ద మ్యూజియాల్లో ప్రింట్లకి స్టడీ రూమ్ అని ఉంటుంది, ముందుగా ఈమెయిల్ రాసి ఫలానా ఆయన పనులు చూడాలి అని అపాయింట్‌మెంట్ అడగొచ్చు. రీసెర్చ్ చేసేవాళ్లకే కాబోలు అనుకోకండి, ఎందుకు చూడాలనుకుంటున్నారో రెండు ముక్కలు రాయండి, మన ఊరాయన అని రాసినా తప్పేం లేదు.

కారు తోలకపోతే ఊరుకోం అనేవాళ్లు ఉంటారు కదా, వాళ్లకి స్టార్మ్ కింగ్. మాన్‌హటన్‌కి ఉత్తరాన గంటా గంటన్నర, 500 ఎకరాల్లో శిల్పాలు, చుట్టూ కొండలు, అక్టోబరులో ఆకులు ఎలాగూ ఎర్రగా ఉంటాయి. వీకెండ్ టికెట్లు ముందే అయిపోతాయి, వారం ముందు చూసుకోండి. అక్కడ ఆండీ గోల్డ్స్‌వర్దీ కట్టించిన రాతిగోడ ఒకటుంది, 2,278 అడుగుల పొడుగు, ఒక్కో చెట్టునీ చుట్టి పాములా మెలికలు తిరుగుతూ చెరువులోకి దిగి అవతల ఒడ్డున లేస్తుంది. నాన్న మిగతా శిల్పాలేవీ పెద్దగా పట్టించుకోలేదు, ఈ గోడ దగ్గర మాత్రం వంగి రాళ్ల సందుల్లో వేలు పెట్టి చూసి, సిమెంటు లేదు, కాలువ గట్టుకి రివిట్‌మెంట్ రాయి పేర్చినట్టే పేర్చారు, మేస్త్రి మంచివాడు అని సర్టిఫికెట్ ఇచ్చాడు. అమ్మ మాత్రం ఇంత దూరం గోడ చూడ్డానికా అంది.

ఇక సామాన్య విషయాలు. చెల్సీ గ్యాలరీల్లో కూర్చోడానికి బెంచీలు తక్కువ, రెస్ట్‌రూమ్ అడిగినా అన్నిచోట్లా ఇవ్వరు, పెద్దవాళ్లతో వెళ్తే మధ్యలో చెల్సీ మార్కెట్‌లో ఆగండి. పిల్లలు బొమ్మని ముట్టుకోకుండా చేతులు వెనక్కి పెట్టుకోమని తలుపు బయటే చెప్పండి. బ్యాక్‌ప్యాక్ వీపు మీద కాకుండా ముందుకి వేసుకోండి, ఇరుకు గదిలో వెనక్కి తిరిగితే ప్రమాదం. నవంబరు ప్రివ్యూ తేదీలు వేలం కంపెనీల సైట్లలోనే పెడతారు, అక్టోబరు చివర్నుంచి చూస్తూ ఉండండి, పాట రోజు కాకుండా దానికి రెండు మూడు రోజుల ముందు వెళ్లండి. ఆకలేస్తే లెక్సింగ్టన్ ఎవెన్యూ మీద 28వ వీధి చుట్టుపక్కల ఇడ్లీ, దోసె దొరుకుతాయి, శనివారం మధ్యాహ్నం మాత్రం అక్కడా క్యూనే.